రాతిదుమ్ము ఊపిరితిత్తుల జబ్బుకు నష్టపరిహారం: పని రుజువు నుంచి డబ్బు చేతికందే దాకా

శ్రీకాకుళం జిల్లా టెక్కలి, మెళియాపుట్టి వైపు గ్రానైట్ క్వారీల్లో డ్రిల్లింగ్ చేసినవారు, పాలిషింగ్ యూనిట్లలో కటింగ్ మిషన్ దగ్గర నిలబడ్డవారు, విజయనగరం జిల్లా గరివిడి, చీపురుపల్లి వైపు గనుల్లో పనిచేసినవారు, రెండు జిల్లాల క్రషర్ల కూలీలు, వాళ్ల ఇంటివాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఒకటే: "డాక్టరు సిలికోసిస్ (రాతిదుమ్ము ఊపిరితిత్తుల జబ్బు) అన్నారు. పరిహారం వస్తుందా? ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలి?"

వస్తుంది. కానీ చాలామంది వరుస తప్పుతారు. ఆస్పత్రుల చుట్టూ రెండేళ్లు తిరిగి, ఆ తర్వాత పని రుజువులు వెతకడం మొదలుపెడతారు. అప్పటికి మేస్త్రీ ఊళ్లో ఉండడు, కంట్రాక్టర్ పేరు మారిపోతుంది, రిజిస్టర్ కనిపించదు. ఇలాంటి కేసులు రోగం రుజువు కాక ఓడిపోవడం తక్కువ. ఆ పనిచోట పనిచేశామని చూపలేక ఓడిపోవడమే ఎక్కువ. అందుకే ఇక్కడ పని రుజువుతోనే మొదలుపెడుతున్నాం.

## 1. మీ దారి ఏది: ఈఎస్ఐ దారా, యజమాని పరిహారమా?

ఈ రెండింటిలో ఒకటే దొరుకుతుంది. ఈఎస్ఐలో (కార్మిక రాజ్య బీమాలో) నమోదైన కార్మికుడు అదే రోగానికి యజమాని మీద విడిగా పరిహారం కేసు వేయలేడు. తప్పు తలుపు తడితే ఏడాది పోతుంది. కాబట్టి ముందు ఇది తేల్చుకోండి.

- జీతం చీటీలో ఈఎస్ఐ కింద 0.75 శాతం కోత పడిందా?
- 10 అంకెల ఈఎస్ఐ నంబర్ ఎప్పుడైనా ఇచ్చారా? పాత కార్డు, ఫోన్‌లో పాత మెసేజ్‌లు వెతకండి.
- పనిచోట 10 మంది, అంతకన్నా ఎక్కువ ఉండి, మీ జీతం నెలకు 21,000 లోపు ఉంటే యజమాని మిమ్మల్ని ఈఎస్ఐలో చేర్చాల్సి ఉండవచ్చు. మీ ప్రాంతం, ఆ పనిచోటు ఈఎస్ఐ పరిధిలో ఉన్నాయో లేదో ఈఎస్ఐ బ్రాంచి కార్యాలయంలో అడగండి.

నంబర్ ఉంటే ఈఎస్ఐ దారి (6వ భాగం). లేకపోతే కార్మిక శాఖ దారి (7వ భాగం). క్వారీ, క్రషర్ కూలీల్లో ఎక్కువమందికి రెండోదే వర్తిస్తుంది.

చట్టం పేరు గురించి ఒక మాట. 1923 నాటి ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ చట్టం, 1948 నాటి ఈఎస్ఐ చట్టం 2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయాయి. పరిహారం లెక్క మూలసూత్రం మారలేదు. 'కమిషనర్' అన్న చోట 'కాంపిటెంట్ అథారిటీ' అని వచ్చింది. మీ రోగం బయటపడ్డ తేదీని బట్టి ఏ చట్టం పేరు రాయాలో కార్యాలయంలోనే అడిగి రాయండి.

## 2. ఏ రోగాలు లెక్కలోకి వస్తాయి?

వృత్తి రోగాల జాబితాలో ఊపిరితిత్తులకు సంబంధించి ముఖ్యమైనవి ఇవి:

- సిలికోసిస్, ఆస్‌బెస్టాసిస్ వంటి ఖనిజ దుమ్ము రోగాలు
- సిలికో-టీబీ, అంటే సిలికోసిస్ ప్రధాన కారణంగా ఉన్న టీబీ
- పత్తి, అవిసె, జనుము, సిసల్ నార దుమ్ముతో వచ్చే బిస్సినోసిస్
- చెరకు పిప్పి దుమ్ముతో వచ్చే బగాసోసిస్

మన దగ్గరి జ్యూట్ మిల్లు కార్మికులు ఇది గమనించాలి. నార దుమ్ము రోగం కింద గోగునార పేరు నేరుగా లేదు. కాబట్టి డాక్టర్ రోగాన్ని ఏ పేరుతో రాస్తున్నారో దరఖాస్తుకు ముందే స్పష్టంగా అడగండి. 'దీర్ఘకాలిక దగ్గు' అని రాసిన చీటీతో కేసు నిలవదు.

జాబితాలోని రోగానికి ఒక పెద్ద వెసులుబాటు ఉంది. ఆ రకం పని తగినంత కాలం చేశారని, ఆ రోగం ఉందని చూపిస్తే చాలు, పనివల్లే వచ్చిందని చట్టమే అనుకుంటుంది. కాదని నిరూపించే భారం యజమానిది. నలుగురు యజమానుల దగ్గర మారి మారి చేసినా ఫర్వాలేదు, సిలికోసిస్ వంటి రోగాలకు అందరూ తమ వంతు భరించాలి. పని మానేశాక రోగం బయటపడినా హక్కు పోదు.

## 3. పని రుజువు: ఈ వారమే మొదలుపెట్టండి

ఒక నోటుపుస్తకం తీసుకుని ఐదు గడులు గీయండి: ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా, ఏ ఊరి క్వారీ లేదా యూనిట్, యజమాని, కంట్రాక్టర్ లేదా మేస్త్రీ, చేసిన పని. తేదీ గుర్తు లేకపోతే గుర్తున్నదాన్ని పట్టుకుని రాయండి: "పెద్దమ్మాయి పుట్టిన ఏడాది", "హుద్‌హుద్ తుఫాను ముందు" (అంటే 2014 అక్టోబర్ ముందు), "తిత్లీ వచ్చినప్పుడు అక్కడే ఉన్నాం" (2018 అక్టోబర్). ఇలా కట్టుకున్న కాలక్రమం సాక్ష్యమిచ్చేటప్పుడు తడబడనివ్వదు.

పని పేరు ఖచ్చితంగా రాయాలి. 'కూలి పని' అని రాస్తే దుమ్ముతో సంబంధం తెగిపోతుంది. 'జాక్‌హ్యామర్‌తో నీళ్లు చల్లకుండా డ్రిల్లింగ్, రోజుకు 8 గంటలు', 'క్రషర్ జల్లెడ దగ్గర', 'కటింగ్ మిషన్ మీద నీళ్లు లేకుండా' అని రాయండి.

ఇక ఆధారాలు. ఇవన్నీ ఒక్కరి దగ్గరే దొరకవు, మూడు నాలుగు దొరికినా చాలు.

- హాజరు కార్డు, జీతం చీటీ, బట్వాడా పుస్తకం, అడ్వాన్స్ రాసుకున్న చిట్టీ
- జీతం పడిన బ్యాంక్ పాస్‌బుక్ పేజీలు, ఫోన్‌పే వివరాలు
- పీఎఫ్ 12 అంకెల యూఏఎన్ నంబర్, పాస్‌బుక్ ప్రింట్
- గనుల్లో యజమాని పెట్టాల్సిన ఫారం బి రిజిస్టర్‌లో మీ పేరున్న పేజీ
- గనిలో చేరేటప్పుడు, ఆ తర్వాత చేయించిన వైద్య పరీక్ష కాగితాలు
- పనిచోట తీసిన ఫొటోలు, వెనక మిషన్, బోర్డు కనపడితే మరీ మంచిది
- కలిసి పనిచేసిన ఇద్దరు ముగ్గురి అఫిడవిట్లు

యజమాని ఎవరో తెలియకపోతే: కంట్రాక్టర్ పేరు ఒక్కటే తెలుసని వెనక్కి తగ్గకండి. కంట్రాక్టర్ ద్వారా పని చేయించినా అసలు యజమాని పరిహారానికి బాధ్యుడే. క్వారీ ఉన్న గ్రామం, సర్వే నంబర్ రాసి, లీజు ఎవరి పేరున ఉందో చెప్పమని గనులు-భూగర్భ శాఖ జిల్లా కార్యాలయానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. రుసుము 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ ఉండదు, కార్డు నకలు జతచేయాలి.

## 4. వైద్య రుజువు: 'టీబీ' ఒక్కటే రాయించుకుని రాకండి

ఇక్కడే ఎక్కువ నష్టం జరుగుతోంది. దగ్గు, ఎగరొప్పు, బరువు తగ్గడం చూసి, ఎక్స్‌రేలో మచ్చలు చూసి టీబీ మందులు ఇస్తారు. ఆరు నెలల కోర్సు అయిపోయినా ఆయాసం తగ్గదు, మళ్లీ కోర్సు. పనేమిటని ఎవరూ అడగరు, మనమూ చెప్పం. సిలికోసిస్ ఉన్నవారికి టీబీ తొందరగా పట్టుకుంటుంది కాబట్టి రెండూ ఉండవచ్చు. టీబీ మందులు మానకండి. కానీ అడుగున ఉన్న సిలికోసిస్ కూడా కాగితం మీదికి రావాలి.

ఎక్కడికి వెళ్లాలి: శ్రీకాకుళం రిమ్స్‌గా మనం పిలిచే ప్రభుత్వ సర్వజన ఆస్పత్రిలో గానీ, విజయనగరం ప్రభుత్వ సర్వజన ఆస్పత్రిలో గానీ ఛాతీ విభాగం ఓపీలో మొదలుపెట్టండి. అక్కడ తేలకపోతే విశాఖలోని ప్రభుత్వ ఛాతీ ఆస్పత్రికి రిఫరల్ రాయించుకోండి. కేసు కోసం ప్రభుత్వ ఆస్పత్రి కాగితానికే బలమెక్కువ.

ఓపీ చీటీ రాసేటప్పుడే మీ నోటుపుస్తకం పేజీ డాక్టర్ ముందు పెట్టి ఇలా అడగండి: "సార్, పదునాలుగేళ్లు గ్రానైట్ క్వారీలో డ్రిల్లింగ్ చేశానండి. ఆ మాట చీటీలో రాయండి." మొదటి చీటీలోనే పని చరిత్ర ఉంటే, కేసు కోసం తర్వాత పుట్టించారని యజమాని వైపు వకీలు అనలేడు.

అడగాల్సిన పరీక్షలు:

- ఛాతీ ఎక్స్‌రే, నిండా గాలి పీల్చి నిలిపినప్పుడు తీసింది. సిలికోసిస్‌లో ఎక్కువగా పైభాగాల్లో చిన్న గుండ్రటి మచ్చలు కనిపిస్తాయి. ఐఎల్ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) వర్గీకరణ ప్రకారం చదివి 1/1, 2/2 వంటి అంకెతో రాయమని కోరండి.
- హెచ్ఆర్‌సీటీ (ఛాతీ సీటీ స్కాన్), ఎక్స్‌రేలో అనుమానం ఉంటే.
- కళ్లె పరీక్ష, టీబీ ఉందో లేదో తేలడానికి. ఇది ఊదే పరీక్షకు ముందే కావాలి.
- స్పైరోమెట్రీ, ఊదే పరీక్ష. ఊపిరితిత్తులు ఎంత దెబ్బతిన్నాయో చెప్పే అంకె ఇదే.
- ఆరు నిమిషాల నడక పరీక్ష, నడక ముందు, తర్వాత ఆక్సిజన్ శాతంతో సహా.

స్పైరోమెట్రీ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. గొట్టాన్ని పెదాలతో గట్టిగా బిగించి, గుండెల నిండా గాలి పీల్చి, ఒక్కసారిగా బలంగా ఊది, ఆపకుండా ఆరు సెకన్ల దాకా ఊదుతూనే ఉండాలి. కనీసం మూడుసార్లు చేయించి, ఫలితాలు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయో లేదో చూస్తారు. దగ్గు వచ్చి మధ్యలో ఆపితే, పెదాల పక్కనుంచి గాలి పోతే రిపోర్టులో 'ప్రయత్నం సరిగా లేదు' అని పడుతుంది. ఎదుటి వకీలు చదివేది ఆ ఒక్క లైనే. కాబట్టి పరీక్షకు రెండు గంటల ముందు కడుపు నిండా తినకండి, బీడీ ముట్టకండి, ఇన్‌హేలర్ వాడుతుంటే ఎప్పుడు ఆపాలో ముందురోజే అడగండి. దగ్గు తెర ఎక్కువగా ఉన్న రోజైతే చెప్పి వాయిదా వేయించుకోండి.

సర్టిఫికెట్ చేతిలో పడగానే, గది దాటకముందే ఇవి ఉన్నాయో లేదో చూసుకోండి:

- రోగం పేరు స్పష్టంగా: 'సిలికోసిస్' లేదా 'సిలికో-టీబీ'
- చేసిన పని, ఎన్నేళ్లు
- మొదటిసారి రోగం గుర్తించిన తేదీ
- ఆ పని మళ్లీ చేయగలరా లేదా
- సంపాదన శక్తి ఎంత శాతం పోయింది
- డాక్టర్ పేరు, రిజిస్ట్రేషన్ నంబర్, ముద్ర, సంతకం

ఐదోది లేకపోతే పరిహారం లెక్క కట్టడమే కష్టం. ఊపిరితిత్తుల సామర్థ్యం 40 శాతం తగ్గడం, సంపాదన శక్తి 40 శాతం తగ్గడం ఒకటి కాదు. సగం ఊపిరితో గుమాస్తా పని చేయొచ్చేమో గానీ జాక్‌హ్యామర్ ఎత్తలేరు. మోచేతి పైదాకా ఎడమ చేయి పోయిన ఒక వడ్రంగి తన పనికి పూర్తిగా పనికిరాకుండా పోయాడని, అది నూరు శాతం నష్టమేనని సుప్రీంకోర్టు 1975లోనే చెప్పింది. మీ పనిని బట్టి శాతం వేయమని డాక్టర్‌ను మర్యాదగా అడగండి.

ఎక్స్‌రే ఫిల్ములు మడత పెట్టకండి, రేకుల ఇంట్లో అటక మీద ఎండకు ఉంచకండి. ప్రతి ఫిల్మూ, రిపోర్టూ ఫొటో తీసి ఇద్దరి ఫోన్లలో ఉంచండి. మందుల బిల్లులూ దాచండి, నిజంగా అయిన వైద్య ఖర్చు విడిగా అడగవచ్చు.

సదరం గురించి: ఊపిరితిత్తుల జబ్బుకు సదరం (వైకల్య సర్టిఫికెట్) క్యాంపులో స్లాట్ కోసం నెలల తరబడి ఎదురుచూస్తుంటారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో ఊపిరితిత్తుల జబ్బు లేదు. పరిహారం కేసుకు ఆ సర్టిఫికెట్ అవసరమూ లేదు. ఆ సమయాన్ని పై సర్టిఫికెట్ మీద పెట్టండి.

## 5. గడువు, నోటీసు

క్లెయిమ్ గడువు రెండేళ్లు. ఆ రెండేళ్లు ఎప్పటినుంచి లెక్కవేస్తారన్నదే అసలు విషయం:

- రోగం వల్ల పనికి వరుసగా రాలేకపోతే, అలా ఆగిన మొదటి రోజు నుంచి.
- రోగం ఉన్నా లాక్కుంటూ పనికి వెళ్తుంటే, యజమానికి నోటీసు ఇచ్చిన రోజు నుంచి.
- పని మానిన రెండేళ్లలోపు లక్షణాలు బయటపడితే, వాటిని మొదట గుర్తించిన రోజు నుంచి.

గడువు దాటిందా? వదిలేయకండి. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం విచారణాధికారికి ఉంది. 'టీబీ అని చెప్పి ఇన్నాళ్లు మందులిచ్చారు, సిలికోసిస్ అని ఫలానా తేదీనే తెలిసింది' అన్నది మంచి కారణం, పాత టీబీ కార్డు జతచేస్తే.

నోటీసు పొడవుగా అక్కర్లేదు. ఇంత చాలు:

> "నేను మీ ఫలానా గ్రామం క్వారీలో ఫలానా సంవత్సరం నుంచి ఫలానా సంవత్సరం దాకా డ్రిల్లింగ్ పని చేశాను. ఫలానా తేదీన ప్రభుత్వ ఆస్పత్రిలో నాకు సిలికోసిస్ ఉన్నట్టు నిర్ధారించారు. ఇది మీ దగ్గర చేసిన పనివల్ల వచ్చిన రోగం. చట్టప్రకారం నాకు రావలసిన పరిహారం చెల్లించగలరు. సర్టిఫికెట్ నకలు జతచేశాను."

లీజుదారుకు ఒకటి, కంట్రాక్టర్‌కు ఒకటి, రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో, అందిన రుజువు వచ్చేలా పంపండి. తీసుకోకుండా తిప్పి పంపితే ఆ కవరు విప్పకండి. మూసి ఉన్న ఆ కవరే సాక్ష్యం.

## 6. ఈఎస్ఐ దారి

మీ డిస్పెన్సరీ డాక్టర్ ద్వారా వృత్తి రోగం కేసుగా మెడికల్ బోర్డుకు పంపమని లిఖితంగా కోరండి. 'సిక్‌నెస్' కింద రాయించుకుని ఊరుకుంటే శాశ్వత వైకల్య లాభం పోతుంది. చాలామంది చేసే తప్పు ఇదే.

పనికి వెళ్లలేని రోజులకు సగటు రోజు జీతంలో 90 శాతం వస్తుంది. శాశ్వత నష్టమైతే బోర్డు వేసిన శాతం మేరకు జీవితాంతం. రోజు సగటు 600, నష్టం 40 శాతం అనుకుంటే: 600లో 90 శాతం 540, అందులో 40 శాతం 216. రోజుకు 216 చొప్పున 30 రోజుల నెలకు 6,480.

బోర్డు శాతం తక్కువ వేసిందనిపిస్తే మెడికల్ అప్పీల్ ట్రిబ్యునల్‌కో ఈఎస్ఐ కోర్టుకో వెళ్లవచ్చు. ఆలస్యం చేయకండి.

## 7. కార్మిక శాఖ దారి: దరఖాస్తు, లెక్క

ఎక్కడ వేయాలి: పని జరిగిన చోట, లేదా మీరు ఉంటున్న చోట. వలస వెళ్లినవారికి ఇది ప్రాణం లాంటి నిబంధన. హైదరాబాద్‌లోనో చెన్నైలోనో రాయి కోసి రోగంతో తిరిగొచ్చినా, శ్రీకాకుళంలోనే, విజయనగరంలోనే కేసు వేయవచ్చు. జిల్లా కేంద్రంలోని కార్మిక శాఖ కార్యాలయంలో పరిహారం కేసులు వినే అధికారి ఎవరో అడగండి.

ఎవరిని చేర్చాలి: లీజుదారు, కంట్రాక్టర్, మునుపటి యజమానులు, పాలసీ ఉంటే బీమా కంపెనీ. ఒకరిని వదిలేస్తే, 'వాళ్ల దగ్గరే వచ్చింది' అని మిగతావారు తప్పుకుంటారు.

ఎంత వస్తుంది: శాశ్వతంగా పూర్తిగా పనికి దూరమైతే నెల జీతంలో 60 శాతాన్ని వయసు గుణకంతో హెచ్చించాలి. చనిపోతే 50 శాతం. పాక్షిక నష్టమైతే మొదటి లెక్కలో పోయిన శాతం. 2020 జనవరి 3 నుంచి నెల జీతాన్ని 15,000కు మించి లెక్కలోకి తీసుకోరు. దరఖాస్తు వేసే రోజుకు ఈ పరిమితి మారిందేమో అడగండి.

వయసు గుణకాలు: 35 ఏళ్లకు 197.06, 40కి 184.17, 45కి 169.44, 50కి 153.09, 55కి 135.56.

ఉదాహరణకు 45 ఏళ్ల డ్రిల్లర్, రోజుకు 600, నెలకు 26 రోజులు. 15,600 అవుతుంది, లెక్కకు 15,000.

- 15,000లో 60 శాతం: 9,000
- 9,000 × 169.44 = 15,24,960 (పూర్తి నష్టం)
- సంపాదన శక్తి 40 శాతం పోతే: 6,09,984
- మరణమైతే: 7,500 × 169.44 = 12,70,800

ఇదే మనిషికి ఆధార్‌లో అయిదేళ్లు ఎక్కువ పడి 50 అని ఉంటే, 40 శాతానికి 5,51,124 మాత్రమే. 58,860 రూపాయలు తేడా. అందాజుగా పడిన పుట్టిన తేదీని బడి టీసీతో దరఖాస్తుకు ముందే సరిచేయించుకోండి.

పరిహారం నెలలోపు ఇవ్వకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ. కారణం లేకుండా ఎగ్గొడితే 50 శాతం దాకా అదనపు జరిమానా. ఈ రెండూ దరఖాస్తులో అడగండి, చాలామంది మరిచిపోతారు.

వకీలు ఖర్చు: జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా వకీలును పెట్టించుకోవచ్చు. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, పారిశ్రామిక కార్మికులు ఆదాయంతో పనిలేకుండా అర్హులే. ఫోన్ 15100.

దాఖలుకు ముందు సంచిలో ఉండాల్సినవి:

- పని కాలక్రమం, ఆధారాల నకళ్లు, సాక్షుల అఫిడవిట్లు
- వైద్య సర్టిఫికెట్, ఎక్స్‌రే, స్పైరోమెట్రీ రిపోర్టు
- నోటీసు నకలు, పోస్టు రసీదు, తిరిగొచ్చిన కవరు
- వయసు, చిరునామా రుజువులు, ఫొటోలు
- బ్యాంక్ పాస్‌బుక్ మొదటి పేజీ

దాఖలు చేసిన ప్రతి కాగితానికీ ఇంకో నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి.

## 8. ఎక్కడ తప్పుతోంది, ఎలా దిద్దుకోవాలి

ఊళ్లో రాజీ. పెద్దమనుషుల మధ్య యాభై వేలు చేతిలో పెట్టి, స్టాంపు కాగితం మీద 'ఇక ఏ బాకీ లేదు' అని సంతకం తీసుకుంటారు. చట్టం ఇచ్చిన హక్కును వదులుకుంటున్నట్టు రాసిన ఒప్పందం చెల్లదు. సంతకం పెట్టేసినా దరఖాస్తు వేయండి, అందిన సొమ్ము దాచకుండా చెప్పండి.

మరణానంతర చెల్లింపు. చనిపోయిన కార్మికుడి పరిహారం నేరుగా ఇంటివాళ్లకు ఇవ్వకూడదు, విచారణాధికారి దగ్గర జమ చేయాలి. మూడు నెలల జీతానికి మించని అడ్వాన్స్ మాత్రమే ముందుగా ఇవ్వవచ్చు.

పోస్ట్‌మార్టం లేకపోవడం. ఆ ఘడియలో ఈ మాట చెప్పడం కష్టమే. కానీ రోగ నిర్ధారణ కాగితం లేకుండా మనిషి పోతే, ఊపిరితిత్తుల నమూనా పరీక్షతో కూడిన పోస్ట్‌మార్టం తప్ప బలమైన ఆధారం మిగలదు. బతికుండగానే సర్టిఫికెట్ తీసుకుంటే ఆ అవసరం రాదు.

బీడీ వాదన. 'పొగతాగి తెచ్చుకున్నాడు' అంటారు. పొగ వల్ల సిలికోసిస్ రాదు, రాతిదుమ్ములోని సిలికా వల్లే వస్తుంది. అలవాటు ఉంటే దాచకండి. డాక్టర్ సాక్ష్యంలో ఈ తేడా చెప్పించండి.

వాయిదాలకు రాకపోవడం. ఆయాసంతో బస్సెక్కలేక వాయిదాలు తప్పితే కేసు కొట్టేయవచ్చు. రాలేని రోజున వకీలు ద్వారా ఆస్పత్రి చీటీ పంపండి.

పీఎఫ్ మరిచిపోవడం. పీఎఫ్ పెన్షన్ పథకంలో ఉండగా శాశ్వతంగా, పూర్తిగా పనికి దూరమైతే పదేళ్ల సర్వీసు లేకపోయినా వైకల్య పెన్షన్ అడగవచ్చు. ఒక్క నెల చందా కట్టి ఉన్నా చాలు. కనీసం నెలకు 1,000. ఇది పరిహారం కేసుకు అడ్డు కాదు.

## 9. ఉత్తర్వు వచ్చాక

యజమాని హైకోర్టుకు అప్పీలుకు వెళ్లాలంటే ముందు పరిహారం సొమ్ము జమ చేయాలి. జమ రసీదు నంబర్ మీ వకీలు ద్వారా తెలుసుకోండి.

అప్పీలూ లేక, డబ్బూ రాకపోతే భూమిశిస్తు బకాయిలా వసూలు చేయమని దరఖాస్తు పెట్టండి. రికవరీ కాగితం రెవెన్యూ కార్యాలయానికి చేరాక అక్కడే ఆగిపోవడం మామూలే. దాని నంబర్, తేదీ రాసుకుని సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.

డబ్బు పడే రోజుకు ఆధార్‌లో, పాస్‌బుక్‌లో, ఉత్తర్వులో పేరు ఒకేలా ఉండాలి. ఒక చోట ఇంటిపేరు ముందు, ఇంకో చోట వెనక ఉంటే చెల్లింపు ఆగిపోతుంది. ఖాతా వాడక మూతపడి ఉంటే బ్యాంకుకు వెళ్లి ముందే తెరిపించండి.

మైనర్ పిల్లల వాటాను విచారణాధికారి డిపాజిట్‌లో వేయిస్తారు. ఆ డిపాజిట్ కాగితం నకలు అడిగి తీసుకుని, గడువు తేదీని ఇంట్లో కేలండర్ మీద రాసి పెట్టుకోండి.